జాజ్-రాక్ పాటకు మూడు బూరల భాగం ఎలా రాయాలి?

సామాను తక్కువే: ట్రంపెట్, టెనర్ శాక్సఫోన్, ట్రాంబోన్. కీబోర్డులో బ్రాస్ టోన్ పెట్టి కానిచ్చేద్దాం అనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. కీబోర్డుకు ఊపిరి అక్కర్లేదు, ఈ సంగీతం నడిచేదే ఊపిరి మీద.

ట్రంపెట్‌కు 'సి' స్వరం వినిపించాలంటే, అది రాసినదానికన్నా కిందికి మోగుతుంది కనుక, కాగితం మీద 'డి' రాయాలి. టెనర్‌కు అదే, ఇంకో స్థాయి (ఆక్టేవ్) పైన. ట్రాంబోన్‌కు ఉన్నదున్నట్టే. స్వరాలు రాసే సాఫ్ట్‌వేరే ఇదంతా మార్చి పెడుతుంది. పైన ట్రంపెట్, మధ్యలో శాక్స్, అడుగున ట్రాంబోన్. వేరేగా పేర్చేవాళ్లూ ఉన్నారు, నేను ఒప్పుకోను.

గాయకుడు ఊపిరి తీసుకునే సందుల్లో బూరల చేత జవాబు చెప్పించండి. 1967లో న్యూయార్క్‌లో బ్లడ్, స్వెట్ అండ్ టియర్స్, అదే ఏడు షికాగోలో తర్వాత ఆ ఊరి పేరే పెట్టుకున్న బ్యాండు మొదలయ్యాయి. రెండింటిలోనూ బూరలవాళ్లు కూలికి పిలిచినవాళ్లు కారు, బ్యాండు సభ్యులే. షికాగో ట్రాంబోనిస్టు జేమ్స్ పాంకో పాటలూ రాసేవాడు. అందుకే అక్కడ బూరలు పక్కవాద్యాల్లా ఉండవు, పాటలో సగం మాట వాటిదే.

ఇక అసలు తంటా, స్వరాన్ని ఆపడం. ఎత్తుకోవడం అందరికీ వచ్చు. నాలుగు దెబ్బల స్వరం రాసి ఊరుకుంటే ఒకరు నాలుగో దెబ్బకే వదిలేస్తారు, ఇంకొకరు తర్వాతి ఒకటో దెబ్బదాకా లాగుతారు. ఒక రిహార్సల్‌లో ఈ తేడా పట్టుకోలేక గంటసేపు శ్రుతి కలవలేదని శాక్స్ అతన్ని సతాయించాను. పాపం, అతని శ్రుతి బాగానే ఉంది, ట్రాంబోన్ తోక మిగిలిపోతోంది.

కాబట్టి ప్రతి పొడుగు స్వరం చివరా 'ఒకటి మీద ఆపు' అని పెన్సిల్‌తో రాయండి. ఎలా ఆపాలో కూడా తేల్చండి: నాలుకతో 'తాట్' అని తెంచాలా, ఊపిరి బిగబట్టి వదిలేయాలా? ఏదైనా సరే, ముగ్గురిదీ ఒకటే కావాలి. స్వరాన్ని గట్టిగా కొట్టి, వెంటనే తగ్గించి, మళ్లీ పెంచాల్సి వస్తే మూడో దెబ్బ దాకా పెంచొద్దు. అందరూ రెండులోనే ఉబ్బించేసి, చివరికి ఊపిరి చాలక చతికిలబడతారు.

ముందు బూరలు పక్కన పెట్టి నోటితో పాడించండి. మూడు గొంతులూ ఒకేసారి తెగాక బూరలు తీయమనండి. డ్రమ్మర్ అప్పటిదాకా బయట టీ తాగుతూ ఉండొచ్చు.