దర్రీ రంగు ఖాయం చేసేముందు

"పచ్చ అంచు పెట్టుండ్రి అన్నా" అని నర్సంపేట నుంచి ఒక అక్క ఫోన్‌లో చెప్పింది. నేను ఆమె దర్రీకి, అంటే నూలు జంపఖానాకు, ఆకుపచ్చ అంచు పెట్టించాను. ఆమెకు కావాల్సింది పసుపుపచ్చ. పెళ్లి ఇంకా నాలుగు రోజులే ఉంది. అప్పటి నుంచి "అరిటాకు పచ్చనా, పసుపుకొమ్ము పచ్చనా?" అని అడగనిదే నూలు ముట్టను.

వరంగల్ కొత్తవాడలో మగ్గాల చప్పుడు మధ్య పెరిగినవాణ్ని. నా పద్ధతి చెబుతాను.

ముందు వెలుతురు చూసుకోండి. మా షాపు ట్యూబ్‌లైట్ కింద రెండు మెరూన్ లచ్చులు, అంటే నూలు చుట్టలు, అచ్చం ఒకేలా ఉంటాయి. గడప దాటిస్తే ఒకటి ఇటుక రంగుకు, ఇంకోటి వంకాయ రంగుకు తిరుగుతుంది. వేర్వేరు రంగుమందులతో అద్దిన నూలుతో వచ్చే చిక్కు ఇది. పొద్దున పదింటికి అరుగు నీడలో చూడండి, తర్వాత దర్రీ పరిచే గదిలో లైటు వేసి చూడండి. పొద్దుగూకాక నేను ఏ రంగూ ఖాయం చేయను.

నలుపు వెలిసిందని అద్దకం అతనితో గొడవకు దిగేముందు, ఆ పోగును విడిగా తెల్లకాగితం మీద పెట్టి చూడండి. పారిస్‌లోని గోబెలిన్స్ నేత కార్ఖానాలో 1824లో అద్దకం బాధ్యత తీసుకున్న షెవ్రల్‌కూ ఇదే ఫిర్యాదు వచ్చింది. నల్లరంగులో లోపమేమీ లేదు, పక్కన నేసిన రంగుల వల్లే అది బలహీనంగా కనిపించింది. 1839లో ఆయన దీనిమీద పెద్ద పుస్తకమే వేశాడు. మన ఎర్రపట్టీల మధ్య బూడిదరంగు కాస్త ఆకుపచ్చగా కనిపించేదీ ఇందుకే. కాబట్టి లచ్చి చూసి ఒప్పుకోవద్దు, జానెడు ముక్క నేయించి చూడండి.

మా దగ్గర ఒక పిల్లవాడు గోధుమరంగు అడిగితే ఆకుపచ్చ అందించేవాడు. ధ్యాస లేదని తిట్టాను. కంటి డాక్టరు చుక్కల బొమ్మలు చూపించాక తెలిసింది, వాడి కంటికి ఆ రెండూ ఒకటే. మగవాళ్లలోనే ఇది ఎక్కువట. ఇప్పుడు ఆకుపచ్చ లచ్చికి ఒక ముడి, గోధుమరంగుకు రెండు. వాడు వేలితో తడిమి తీస్తాడు, మళ్లీ తప్పు రాలేదు. తిట్టింది మాత్రం నాకింకా గుర్తుంది.

ఎరుపు చూస్తే కోపం, నీలం చూస్తే శాంతి అని వాట్సాప్‌లో తిరిగేవి నేను అంతగా పట్టించుకోను. పెళ్లి జంపఖానాలో నల్లగీత ఉంటే పెద్దవాళ్లు ముఖం చిట్లిస్తారు, అది మాత్రం రోజూ చూస్తాను. అదే నలుపు హనుమకొండ అపార్ట్‌మెంట్లవాళ్లు కోరి వేయించుకుంటారు. దేనికి పరుస్తారో ముందే అడగండి.

ఖాయమయ్యాక నూలు ముక్కలు రెండు కోసి, ఒకటి వాళ్ల బిల్లుకు, ఒకటి మన బిల్లుకు పిన్ను కొట్టండి. మనది డబ్బాలో దాచాలి. ఎండ తగిలితే ఆ ముక్కే వెలిసిపోయి, రేపు మనమే అబద్ధమాడినట్టు అవుతుంది.