వంగి బిగుసుకున్న వేలిని చాపే స్ప్లింట్: లాగే బలం, లాగే కోణం

దెబ్బ మానాక వేలి మధ్య కణుపు వంగినట్టే బిగుసుకుపోతే, దాన్ని నెమ్మదిగా చాపడానికి రబ్బరు బ్యాండుతో లాగే స్ప్లింట్ వాడతారు. ఇది డాక్టరు, హ్యాండ్ థెరపిస్టు చెప్పాకే మొదలుపెట్టాలి. వాపు, వేడి ఇంకా ఉన్న కణుపుకు పెట్టకూడదు. ఎముక అడ్డుపడి ఆగిన కణుపు ఎంత లాగినా తెరుచుకోదు. వేలికి స్పర్శ లేకపోతే పుండు పడుతున్నా తెలియదు కాబట్టి మరీ జాగ్రత్త.

ముందు చేతి వెనకవైపు ఆధారం. 3.2 మి.మీ. థర్మోప్లాస్టిక్ షీటును 65–75 డిగ్రీల నీళ్లలో మెత్తబడేదాకా ఉంచి, తుడిచి, వేడి ఓర్చుకునేంతగా తగ్గాక మణికట్టు దగ్గర నుంచి వేలి మొదటి ఎముక మీదుగా మధ్య కణుపుకు కాస్త ఇవతల వరకు మలచాలి. మొదటి ఎముకను ఇలా పైనుంచి కప్పి ఆపడం తప్పనిసరి. అది లేకపోతే లాగిన బలమంతా సులువుగా కదిలే పిడికిలి కణుపుకే పోతుంది. అది వెనక్కి విరుచుకుంటుంది, బిగుసుకున్న కణుపు మాత్రం అక్కడే ఉంటుంది. స్ప్లింట్ పనిచేయకపోవడానికి ఇదీ ఒక కారణం. అంచులు బయటికి మడిచి, అరచేతి మీదుగా వెల్క్రో పట్టీ వేయాలి.

ఆధారం మీద నుంచి ముందుకు వచ్చే కడ్డీని ఔట్‌రిగ్గర్ అంటారు. 2 మి.మీ. కడ్డీ బదులు అదే లోహంలో 3 మి.మీ. తీసుకుంటే సుమారు 5 రెట్లు గట్టిగా నిలుస్తుంది, ఎందుకంటే వంపును తట్టుకునే శక్తి వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. కడ్డీ ఊగితే కోణం నిలవదు.

ఇక బలం. వేలిని మోసే మెత్తని పట్టీని, అంటే స్లింగ్‌ను, మధ్య ఎముక కింద వేస్తాం. అది 2 సెం.మీ. పొడవున, 1.5 సెం.మీ. వెడల్పున ఆనితే 3 చదరపు సెం.మీ. చర్మం మీద చదరపు సెం.మీ.కు 50 గ్రాములు దాటకూడదని పెట్టుకుంటే లాగుడు 150 గ్రాములు. దీన్ని చేత్తో లాగి అంచనా వేయొద్దు. రబ్బరు బ్యాండును మేకుకు తగిలించి 150 గ్రాముల తూకపురాయి వేలాడదీసి, సాగిన పొడవు కొలిచి, స్ప్లింట్ మీద బ్యాండు సరిగ్గా అంతే సాగేలా కట్టాలి. పొడవాటి బ్యాండు మేలు: వేలు కొద్దిగా కదిలినా బలం అంతగా మారదు.

అసలు మెలకువ కోణంలో ఉంది. స్లింగ్ నుంచి కడ్డీ కొసకు పోయే దారం, పక్కనుంచి చూస్తే మధ్య ఎముకకు 90 డిగ్రీల్లో ఉండాలి, ఎదురుగా చూస్తే వేలు పక్కకు ఒరగకుండా నిటారుగా పోవాలి. కోణం 60 డిగ్రీలైతే 150 గ్రాముల్లో ఎముకను తిప్పే భాగం 130 గ్రాములే. ఎముక వెంబడి పనిచేసే భాగం 75 గ్రాములు. దారం గోరువైపు వాలితే ఆ భాగం కణుపును విడదీస్తూ స్లింగ్‌ను జారుస్తుంది, మణికట్టు వైపు వాలితే కణుపును నొక్కుతుంది. వేలు చాపుకునే కొద్దీ కోణం దానంతట అదే తప్పుతుంది కాబట్టి కడ్డీ కొసను మణికట్టు వైపు జరుపుతూ రావాలి. ఎత్తైన ఔట్‌రిగ్గర్‌లో కోణం నెమ్మదిగా తప్పుతుంది, పొట్టిదానిలో తొందరగా. పొట్టిది బట్టల్లో చిక్కుకోదు గానీ తరచూ సరిదిద్దాలి.

మొదటిసారి 20–30 నిమిషాలు పెట్టి తీసి చర్మం చూడండి. ఎరుపు అంతే సేపట్లో పోకపోతే బలం తగ్గించండి లేదా స్లింగ్ వెడల్పు చేయండి. వేలి కొస పాలిపోయినా, నీలమైనా, తిమ్మిరెక్కినా వెంటనే తీసేయాలి. త్వరగా ఫలితం రావాలని బలం పెంచితే కణుపు వాచి ఇంకా బిగుస్తుంది. పెంచాల్సింది స్ప్లింట్ పెట్టుకునే సమయం.

థెరపిస్టు దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ అదే 150 గ్రాములతో లాగి గోనియోమీటర్‌తో కోణం కొలిచి రాసుకోవాలి. బలం మారితే కొలతలు పోల్చడానికి పనికిరావు. బ్యాండు సాగి వదులైతే మార్చండి, కొత్తదాన్నీ తూకపురాయితో చూశాకే కట్టండి. వారాలు గడిచినా కోణం కదలకపోతే రబ్బరు తీసి, సాగని దారాన్ని కొద్దికొద్దిగా బిగించుకునే రకానికి మారాలా అని థెరపిస్టుతో మాట్లాడండి.