పేరు తెలియని మొక్కకు ఎరువు వేసే ముందు

మా అపార్ట్‌మెంట్‌లో ఎవరు ఇల్లు ఖాళీ చేసినా, లారీలో పట్టని కుండీలన్నీ మా గుమ్మం ముందుకే వస్తాయి. "మీరైతే బతికిస్తరమ్మా" అని వాచ్‌మన్ పెట్టేసి పోతాడు. పేరు అడిగితే నవ్వుతాడు. దాంతో ఊరూపేరూ లేని మొక్కల్ని చూసుకోవడం నాకు అలవాటైపోయింది.

అసలు పేరు తేలకపోయినా మొక్కను సాకొచ్చు. అది నీళ్ళు ఎక్కడ దాచుకుంటుంది, ఇప్పుడు చిగురు వేస్తోందా లేదా అన్నవి తెలిస్తే తిండి సంగతి దాదాపు తేలినట్టే.

ముందు మొక్కను కుండీలోంచి మట్టిగడ్డతో సహా బయటికి తీయండి. అడుగున బంగాళాదుంపల్లాంటి దుంపలు కనబడితే, పైన నున్నగా మెరిసే ఆకులు కాడకు రెండు వైపులా వరుసగా ఉంటే, అది జెడ్‌జెడ్ ప్లాంట్. తూర్పు ఆఫ్రికా మొక్క, కరువుకు అలవాటు పడింది, దుంపల్లో నీళ్ళు దాచుకుంటుంది. మందపాటి ఆకుల కలబంద, జేడ్, కత్తుల్లా నిలబడే స్నేక్ ప్లాంట్ కూడా ఇదే తీరు. వీటికి ఏడాదికి రెండుసార్లు ఎరువు వేస్తే చాలు. వేళ్ళు తెల్లగా, గట్టిగా ఉంటే మంచిది. గోధుమరంగులో మెత్తబడి, కంపు కొడుతుంటే అది ఆకలి కాదు, నీళ్ళెక్కువై కుళ్ళడం. కుళ్ళినవి కత్తిరించి పొడి మట్టిలో పెట్టండి, ఎరువు మాట ఎత్తొద్దు.

ఇక్కడే మట్టిని కూడా చూడండి. నర్సరీ మొక్కలు చాలావాటికి వేళ్ళ చుట్టూ జిగట మట్టి ముద్ద ఉంటుంది. లారీ ప్రయాణంలో చెదరకుండా ఉండటానికి అది బాగానే పనికొస్తుంది. ఇంట్లో ఒకసారి ఎండి గట్టిపడితే మాత్రం నీళ్ళు పక్కనుంచి జారిపోతాయి, లోపలికి దిగవు. అలాంటి ముద్దను బకెట్ నీళ్ళలో నానబెట్టి, వేర్లు తెగకుండా చేతివేళ్ళతోనే విడదీసి, ఎర్రమట్టి, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), వర్మీకంపోస్ట్ (వానపాముల ఎరువు) సమంగా కలిపిన దాంట్లోకి మార్చండి. ఆ వర్మీకంపోస్టే మొదటి రెండు నెలలకు తిండి.

తర్వాత ఒక ముదురాకు అంచు గిల్లండి, చేతికి పాలిథిన్ కవర్ తొడుక్కుని. తెల్లటి పాలు కారితే రబ్బరు మొక్క జాతో, సింగోనియమో, యుఫోర్బియానో కావచ్చు. రబ్బరు మొక్కయితే కొమ్మ చివర చిగురు చుట్టూ ఎర్రటి తొడుగు ఉంటుంది, ఆకు విచ్చుకోగానే రాలిపోతుంది. పాలు రాకుండా, లావు కాండం మీద పెద్ద ఆకులు, వాటి నిండా తెల్ల మచ్చలు ఉంటే డిఫెన్‌బాకియా అయ్యుండొచ్చు. నమిలితే అందులోని సూదుల్లాంటి స్ఫటికాలు గుచ్చుకుని నోరు, నాలుక వాచిపోతాయి. పాకే పిల్లలున్న ఇంట్లో అందనంత ఎత్తున పెట్టండి. ఏ మొక్కయినా చేతులు మాత్రం సబ్బుతో కడుక్కోండి.

తీగ మొక్కల్లో అందరూ తికమకపడేది మనీ ప్లాంట్, ఫిలోడెండ్రాన్ దగ్గర. ఫోన్‌లో మొక్కల్ని గుర్తుపట్టే యాప్‌కి ఫోటో పెట్టి అడిగినా ఒక్కోసారి ఒకదానికి ఇంకోటి చెబుతుంది. కొత్త ఆకు ఎక్కణ్ణుంచి వస్తోందో చూడండి. మనీ ప్లాంట్‌లో అది పాత ఆకు కాడలోంచే చుట్టలా విచ్చుకుంటుంది, కాడ మీద గాడి ఉంటుంది. ఫిలోడెండ్రాన్‌లో చిగురుకు విడిగా పల్చటి తొడుగు ఉంటుంది, తర్వాత అది ఎండి కాగితంలా కణుపు దగ్గర వేలాడుతుంది. ఫోటో తీయాలన్నా కుండీ మొత్తం కాకుండా ఆ కణుపునీ చిగురునీ దగ్గరగా తీయండి. ఎరువు దగ్గర మాత్రం రెండింటికీ తేడా లేదు.

ఇక తిండి. ఇంటికి తెచ్చిన రోజే ఎరువు వేయకండి. కొత్త చోటికి అలవాటుపడి ఒక చిగురు వేసేదాకా ఆగండి. చిగురు లేని మొక్కకు ఎరువు వేస్తే అది మట్టిలో ఉప్పై మిగులుతుంది. చిగురు వచ్చాక, మట్టి మార్చని ఆరంగుళాల కుండీకి రెండు చెంచాల వర్మీకంపోస్ట్ పైమట్టిలో కలపండి, రెండు నెలలకోసారి. తొందరగా ఎదగాలనుకుంటే ఎరువుల దుకాణంలో దొరికే 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండి నీళ్ళలో కరిగే ఎరువు) లీటరు నీళ్ళకు ఒక గ్రాము, అంటే పావు టీస్పూను మించకుండా, మూడు వారాలకోసారి. పొలంలో పిచికారీకి వాడే మోతాదు కుండీలో వాడొద్దు. ఎండిన మట్టిలో పోయొద్దు, ముందు మామూలు నీళ్ళు పోసి తడిపాకే ఇవ్వండి. వానాకాలం మొదలు అక్టోబరు దాకా ఇలా సాగించి, డిసెంబరు, జనవరిలో ఆపేయండి. మే ఎండల్లో వాడిపోయినట్టున్న మొక్కకూ వద్దు.

బియ్యం కడిగిన నీళ్ళు, వేపపిండి, జీవామృతం మంచివేగా అంటారు మా అత్తయ్య. పెరట్లో మంచివే. హాల్లో టీవీ పక్కన పెడితే వాసన, పైన బూజు, చుట్టూ చిన్న చిన్న దోమలు. చక్కెర కలిసిన టీపొడి వేస్తే చీమలు.

పసుపు ఆకు కనబడగానే ఎరువు డబ్బా తీయకండి. కింది ముదురాకులు మెల్లగా మొత్తం పసుపెక్కి, చిగుళ్ళు చిన్నవైతే నత్రజని తక్కువైందనుకోవచ్చు. లేతాకులు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందట్లేదు. హైదరాబాద్‌లో చాలా ఇళ్ళలో దీనికి కారణం బోరు నీళ్ళే. మట్టిలో ఇనుము ఉన్నా ఆ క్షారపు నీళ్ళ వల్ల వేరు తీసుకోలేదు. ఆకు కొనలు మాడి, మట్టి మీద తెల్లటి పొర కడితే ఉప్పు చేరినట్టు. ఆర్వో వాటర్ ఫిల్టర్ నుంచి వదిలే వృథా నీళ్ళు కుండీలకు పోస్తే ఇది ఇంకా ముదురుతుంది, వాటిని బాత్‌రూమ్ కడగడానికి వాడుకోండి. ఏసీ నుంచి కారే నీళ్ళలో ఉప్పు దాదాపు ఉండదు, బకెట్ పెట్టి పట్టుకోండి. తెల్లపొరను చెంచాతో గీకి తీసేసి, కుండీని బాల్కనీ మోరీ దగ్గర పెట్టి, అడుగు రంధ్రం నుంచి ధారగా పోయేలా ఆ ఏసీ నీళ్ళో వాన నీళ్ళో రెండు మూడు విడతలుగా పోయండి. తర్వాత నెల రోజుల దాకా ఏ ఎరువూ వద్దు.