పడకగదిలో రికార్డింగ్: గది మోత తగ్గించడం ఎలా?

కథలు చదివి పెట్టేవాళ్లు, పాటలు పాడేవాళ్లు మైకుకు వేలు పోస్తారు. దాన్ని గోడకు ఆనించిన బల్ల మీద పెట్టుకుంటారు. గొంతు బావిలోంచి వచ్చినట్టు ఉంటే ఇంకా ఖరీదైన మైకు కొంటారు. తప్పు మైకుది కాదు, గదిది. మన ఇళ్లలో నాలుగు వైపులా సిమెంటు గోడలు, పైన స్లాబు, కింద టైల్సు. శబ్దం వీటిలో దేనిలోనూ ఇంకదు, తిరిగి మైకులోకే వస్తుంది. గది మోత అంటే ఇదే.

దీన్ని తగ్గించడానికి రెండు మందపాటి బొంతలు, దండెం తాడు, కొక్కేలు, హెడ్‌ఫోన్స్ చాలు. పాత చీరలు పొరలుగా వేసి కుట్టిన బొంతైతే మరీ మంచిది. కోడిగుడ్ల అట్టలు మాత్రం అంటించకండి, వాటివల్ల ఒరిగేదేమీ లేదు. అంగుళం మందం ఫోమ్ పలకలూ వద్దు. అవి గొంతులోని పదునును మింగేసి, మోతను అలాగే వదిలేస్తాయి.

మంచం, పరుపు గదిలోనే ఉండనివ్వండి. నేల మీద జంపఖానా పరవండి. ఫ్యాను, ఏసీ ఆపండి. అద్దం మీద దుప్పటి కప్పండి. ఇనప బీరువా ఉంటే దాని మీద చెయ్యి ఆనించి గట్టిగా ఒక స్వరం పాడండి. రేకు అదిరినట్టు తెలిస్తే తలుపు సందులో గుడ్డ కుక్కండి.

మైకును మూలలో పెట్టకూడదు, అక్కడ మంద్ర స్వరాలు పోగుపడతాయి. గదికి సరిగ్గా నడిమధ్యా వద్దు. పొడవులో మూడో వంతు దగ్గర పెట్టండి.

ఇక అసలు పని బొంత కట్టడం. చాలామంది దీన్ని మైకు వెనకాల కడతారు. అది తప్పు. ఇళ్లలో వాడే మైకులు ఎక్కువగా కార్డియాయిడ్ రకం. అవి ముందువైపు బాగా వింటాయి, వెనకవైపు చాలా తక్కువ వింటాయి. మైకు ముందు ఉన్నది మీరు, మీ వెనక గోడ. ఆ గోడకు తగిలి వచ్చే శబ్దమే నేరుగా మైకులోకి పోతుంది. కాబట్టి మొదటి బొంత మీ వీపు వెనక ఉండాలి. రెండోది పక్కన, మొదటిదానితో కలిసి మూలలా వచ్చేలా కట్టండి. మైకు వెనక తగిలించే ఫోమ్ కవచాలు నేను ఎవరినీ కొననివ్వను. ఆ డబ్బుతో ఇంకో రెండు బొంతలు వస్తాయి.

బొంతను గోడకు అంటించి మేకులు కొట్టకండి. గుడ్డ శబ్దాన్ని పీల్చేది గాలి దానిలోంచి కదిలినప్పుడే. గోడ దగ్గర గాలికి కదలిక ఉండదు. శబ్ద తరంగం పొడవులో నాలుగో వంతు దూరాన ఆ కదలిక ఎక్కువ. గోడకు 5 సెంటీమీటర్ల దూరంలో ఉన్న బొంత బాగా పనిచేసేది 1,700 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు; అంకె తగ్గేకొద్దీ స్వరం మంద్రం) దగ్గర. అదే అడుగు దూరం జరిపితే సుమారు 280 హెర్ట్జ్ దాకా దిగుతుంది. మగ గొంతును చెడగొట్టే మోత ఎక్కువగా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. అందుకే దండెం గోడకు అడుగు ఎడంగా కట్టండి. బొంతను బిగలాగకండి, ముడతలు పడి వేలాడాలి. తల పైనుంచి నడుము కిందిదాకా రావాలి. మీ వీపుకూ బొంతకూ మధ్య రెండడుగులు, నోటికీ మైకుకూ మధ్య జానెడు ఉండాలి.

ఇప్పుడు మైకు ముందు గట్టిగా "టక్" అని, వెంటనే నోరు మూసి రికార్డు చేయండి. హెడ్‌ఫోన్స్‌లో వినండి. మాట అక్కడికక్కడే తెగిపోవాలి. వెనక జింగుమనే తోక వినిపిస్తే ఎదురెదురు గోడల మధ్య శబ్దం ఆడుతోందన్నమాట, పక్క బొంతను అటూ ఇటూ జరపండి. గుయ్యిమనే మోత మిగిలితే బొంతలు పెంచకండి, ముందు మైకును అడుగు జరిపి చూడండి.

బొంతలు బయటి చప్పుళ్లను ఆపవు. ఆటో హారనూ కుక్కరు విజిలూ వస్తూనే ఉంటాయి. వీధి సద్దుమణిగాక, రాత్రి పది దాటాక రికార్డు చేసుకోండి.