తలుపులకూ గ్రిల్స్‌కూ వాటర్ బేస్ శాటిన్ వేసే పద్ధతి

ఇంట్లో వాటర్ బేస్ శాటిన్ పెయింట్ (నీళ్ళతో పల్చన చేసే, ఓ మాదిరి మెరుపున్న రంగు) వేయించుకున్నవాళ్ళు నాతో చెప్పే ఫిర్యాదు దాదాపు ఒకటే: "మేస్త్రీ, తలుపు మీద గోటితో గీస్తే రంగు పొరలా లేచొచ్చేస్తోంది." వెళ్ళి ఆ లేచిన పొరను తిప్పి చూస్తాను. వెనకవైపు నున్నగా, గాజులా మెరుస్తూ ఉంటుంది. అంటే పాత ఆయిల్ పెయింట్ మెరుపు తీయకుండానే దాని మీద కొత్తది పూసేశారన్నమాట. రంగు మంచిదే, దానికి పట్టు దొరకలేదు.

విశాఖలో చాన్నాళ్ళుగా ఇళ్ళకు రంగులు వేస్తున్నాను. ఇంటి లోపలి తలుపులకు, కిటికీ గ్రిల్స్‌కు, మెట్ల రెయిలింగుకు ఈ పెయింటే వేయించుకోమని నేనే చెబుతాను. వాసన చాలా తక్కువ. తెల్ల ఆయిల్ ఎనామెల్ ఎండ వెలుతురు తగలని గదుల్లో కొన్నాళ్ళకు పసుపుపచ్చగా మారుతుంది, ఇది మారదు. శాటిన్ మెరుపు గ్లాసీ ఫినిష్ అంత కొట్టొచ్చినట్టు ఉండదు కాబట్టి చెక్క మీది చిన్నచిన్న ఎత్తుపల్లాలు కూడా అంతగా కనపడవు.

కొనేటప్పుడు ఒకటి చూసుకోండి. డబ్బా మీద "శాటిన్ ఎనామెల్" అని ఉన్నంత మాత్రాన అది వాటర్ బేస్ కాదు. దేంతో పల్చన చేయమన్నారో వెనకవైపు చదవండి. నీళ్ళు అని ఉంటే మనకు కావలసింది అదే, మినరల్ టర్పెంటైన్ అని ఉంటే ఆయిల్ పెయింటే. ఎంత కావాలంటే, ఏడడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు తలుపు రెండు వైపులా కలిపి 42 చదరపు అడుగులు. రెండు పొరలు (కోట్లు) వేస్తే, అంచులతో కలిపి 90 చదరపు అడుగుల దాకా అవుతుంది. లీటరు పెయింటు ఒక కోటుకు సుమారు 100 చదరపు అడుగులు వస్తుంది. తలుపుకొక లీటరు లెక్క వేసుకోండి.

ఇప్పుడు అసలు పని. పాత రంగు ఏదో తెలియకపోతే దూదిని స్పిరిట్‌లో ముంచి ఒక మూల గట్టిగా రుద్దండి. రంగు మెత్తబడి దూదికి అంటుకుంటే వాటర్ బేస్, చెక్కు చెదరకపోతే ఆయిల్. మన పాత ఇళ్ళలో చాలావరకు ఆయిలే ఉంటుంది.

రుద్దడానికి ముందు కడగాలి. చాలామంది కడగకుండా ఎమిరీ పేపర్ పడతారు, జిడ్డు ఇంకా లోపలికి పోతుంది. వంటింటి తలుపు, పూజగది తలుపు ముఖ్యంగా చూడండి. దీపం మసి, అగరుబత్తి పొగ, నూనె చేతుల మరకలు గడియ చుట్టూ, కింది పలక మీద పేరుకుని ఉంటాయి. సర్ఫ్ నీళ్ళతో కడిగి, మంచినీళ్ళతో రెండుసార్లు తుడవండి. సబ్బు మిగిలినా రంగు పట్టదు. బాగా ఆరాక 180 నంబరు పేపర్‌తో, తర్వాత 220తో రుద్దండి. పాత రంగు మొత్తం ఊడదీయక్కర్లేదు, మెరుపు పోతే చాలు. టార్చి పక్కనుంచి వేసి చూస్తే ఎక్కడ మెరుపు మిగిలిందో తెలిసిపోతుంది. పలకల మూలలు, గాడులు వదిలేయకండి, పొర లేవడం అక్కడే మొదలవుతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మన దేశంలో ఇళ్ళ పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకు ముందు వేసిన ఆయిల్ పెయింట్‌లో సీసం ఉండవచ్చు. ఆ దుమ్ము పిల్లలకు చాలా చెడు చేస్తుంది. వాటర్ పేపర్‌ను తడిపి తడిగానే రుద్దండి, మాస్కు పెట్టుకోండి, పిల్లల్నీ గర్భిణుల్నీ ఆ గదిలోకి రానివ్వకండి. చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడిచెయ్యండి.

రుద్దిన పాత రంగు మీద వాటర్ బేస్ ప్రైమర్ ఒక కోటు వేస్తే పట్టు బాగా దొరుకుతుంది. కొత్త చెక్క అయితే సంగతి వేరు. టేకు, నల్లమద్ది లాంటి చెక్కల్లోని రసం నీళ్ళ రంగుతో కలిసి పైకి వచ్చి తెల్లటి తలుపు మీద గోధుమరంగు మరకలుగా తేలుతుంది. పైన ఎన్ని కోట్లు వేసినా మళ్ళీ తేలుతుంది. అందుకని కొత్త చెక్కకు నేను ఆయిల్ వుడ్ ప్రైమరే వేస్తాను. ఒక రోజంతా ఆరనిచ్చి, 220తో మెల్లగా రుద్ది, అప్పుడు శాటిన్ మొదలుపెడతాను. గుంటలకు చెక్క లప్పం పెట్టండి. గోడలకు వాడే తెల్ల సిమెంటు పుట్టీ తలుపుకు పెడితే చెక్క ఉబ్బి తగ్గినప్పుడల్లా పగిలి రాలిపోతుంది.

ఇక ఇనుము. నీళ్ళ పెయింట్ నేరుగా ఉత్తి ఇనుము మీద వేస్తే అది ఆరేలోపే తుప్పు చుక్కలు పైకి తేలతాయి. లాసన్స్ బే, ఎంవీపీ కాలనీ వైపు ఇళ్ళలో ఇంకో బాధ ఉంది. కిటికీ తెరిస్తే సముద్రపు గాలి, గ్రిల్ మీద కంటికి కనపడని ఉప్పు. ఆ ఉప్పు మీద ఏ రంగూ నిలవదు. అందుకే ముందు మంచినీళ్ళతో గ్రిల్ కడిగి ఆరబెట్టాలి. తర్వాత వైర్ బ్రష్‌తో తుప్పు రాల్చి, 120 పేపర్‌తో రుద్దాలి. వెల్డింగ్ అతుకుల కింద, అడ్డ ఊచ నిలువు ఊచను కలిసే చోట తుప్పు దాక్కుంటుంది, అక్కడ పాత స్క్రూడ్రైవర్ మొనతో గీకండి. టర్పెంటైన్ గుడ్డతో తుడిచి, అదే రోజు ప్రైమర్ వేసేయండి. రాత్రంతా ఉత్తిగా వదిలితే పొద్దున్నకి మళ్ళీ ఎర్రబడుతుంది. రెడ్ ఆక్సైడ్ గానీ, జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్ గానీ సరిపోతుంది. మర్నాటి వరకు ఆరనిచ్చి, తేలికగా రుద్ది శాటిన్ వేయండి.

జీఐ పైపు (జింకు పూత ఉన్న ఇనుప పైపు) అయితే రెడ్ ఆక్సైడ్ పనికిరాదు. అందులోని నూనె జింకుతో కలిసి సబ్బులా మారి, కొన్నాళ్ళకు పొర ఊడిపోతుంది. జీఐకి పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్న ప్రైమరే అడగండి.

డబ్బాను ఊపకండి, కర్రతో అడుగునుంచి బాగా కలపండి. మెరుపును తగ్గించే పొడి అడుగున దిగి ఉంటుంది. అది కలవకపోతే ఒక తలుపు మెరుస్తుంది, ఇంకొకటి మెరవదు. నీళ్ళు డబ్బా మీద చెప్పిన మేరకే, మామూలుగా పదోవంతు దాటకూడదు. బ్రష్ నైలాన్‌ది తీసుకోండి. పంది వెంట్రుకల బ్రష్ నీళ్ళు పీల్చి ఉబ్బి చారలు పెడుతుంది.

ఆయిల్ పెయింట్ అలవాటున్న చేతికి కష్టమనిపించేది ఇక్కడే. ఆయిల్ అయితే పది నిమిషాల తర్వాత కూడా వెనక్కి వచ్చి సర్దుకోవచ్చు. ఇది రెండు మూడు నిమిషాల్లో బిగుస్తుంది. వేసిన చోట మళ్ళీ బ్రష్ పెడితే లాగినట్టు గీతలు పడతాయి. అందుకని ఫ్యాన్ ఆపేయండి, ఎండాకాలంలో పొద్దున్నే వేయండి. ముందు పలకలు, తర్వాత అడ్డ చట్రాలు, చివర నిలువు చట్రాలు. ఒక్కో భాగం పూర్తిచేసి, బ్రష్ కొసతో ఒకే దిక్కుగా పొడవాటి గీత లాగి వదిలేయండి. చిన్న లోపం కనిపించినా ముట్టుకోకండి, ఆరాక రుద్ది రెండో కోటులో సరిచేసుకోవచ్చు. కోటుకూ కోటుకూ మధ్య నాలుగు నుంచి ఆరు గంటలు ఉండాలి. వానాకాలం తేమలో అయితే రాత్రంతా వదిలేయడమే మేలు.

గంటలో చేతికి అంటడం మానేస్తుంది కాబట్టి పని అయిపోయిందనుకుంటారు. లోపల గట్టిపడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. తలుపు మూసేస్తే రెక్క ద్వారబంధానికి అతుక్కుని, తెరిచినప్పుడు అక్కడి రంగు ఊడొస్తుంది. మొదటి వారం తలుపును కాస్త తెరిచే ఉంచండి. రాత్రి మూయక తప్పకపోతే అంచున బటర్ పేపర్ పెట్టండి, న్యూస్ పేపర్ వద్దు, అతుక్కుంటుంది. తడిగుడ్డ, సబ్బు కనీసం మూడు వారాలు దగ్గరికి రానివ్వకండి. పెళ్ళికో సంక్రాంతికో రంగులు వేయించుకునేవాళ్ళు కనీసం నెల ముందే మొదలుపెట్టండి. ముహూర్తానికి నాలుగు రోజుల ముందు పూర్తయిన తలుపు మీద పూలదండలకు టేపు అంటిస్తే, దండతో పాటు రంగూ వస్తుంది.

మిగిలిన పెయింట్‌ను నిండుగా పట్టే చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పోసి గట్టిగా మూతపెట్టండి. దాని మీద షేడ్ కోడ్, తేదీ, ఏ గది తలుపో మార్కర్‌తో రాసుకోండి.