నీట్‌కి ముందు నెల: వచ్చిన మార్కులు జారిపోకుండా

మా అమ్మాయి మొదటిసారి నీట్ (మెడికల్ సీట్ల ప్రవేశ పరీక్ష) రాశాక, ఓఎంఆర్ (జవాబుల గుండ్రాలు, అంటే బబుల్స్, దిద్దే షీట్) స్కాన్ కాపీ వచ్చిన రోజు ఇద్దరం క్వశ్చన్ బుక్‌లెట్ ముందేసుకుని కూర్చున్నాం. రానివి రాలేదు, దానికేం చేస్తాం. కానీ చక్కగా వచ్చినవి తొమ్మిది తప్పుపోయాయి. రావాల్సిన 4 రాకపోగా ఇంకో 1 కోత, అంటే ఒక్కోదానికి 5. మొత్తం 45 మార్కులు! మళ్లీ రాయడానికి తీసుకున్న లాంగ్ టర్మ్ కోచింగ్ ఏడాదంతా మేం వెంటపడింది ఆ 45 గురించే.

ఆ తొమ్మిదిలో నాలుగు 'సరికానిది ఏది' అన్న ప్రశ్నలు. మొదటి ఆప్షన్ నిజమేనని కనబడగానే పెట్టేసింది. తర్వాత ప్రతి గ్రాండ్ టెస్టులో (అసలు పరీక్షలాగే పెట్టే నమూనా పరీక్ష) 'కాని' అన్న మాట చుట్టూ గుండ్రంగా గీత గీయడం అలవాటు చేసుకుంది. చిన్నపిల్లల పనిలా ఉంటుంది కానీ పనిచేసింది. తెలుగులో రాసేవాళ్లకి బుక్‌లెట్‌లో ఇంగ్లిష్ పాఠం కూడా ఉంటుంది. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లిష్‌లో ఉన్నదే లెక్క, కాబట్టి అనుమానం వచ్చిన చోట ఒకసారి అటు చూడాలి.

మూడు తప్పులు బబుల్స్ దగ్గర జరిగాయి. ఒక ప్రశ్న వదిలేసి ముందుకెళ్లింది, ఓఎంఆర్‌లో మాత్రం ఆ వరస వదల్లేదు. 48 జవాబు 47లో, 49ది 48లో, 50ది 49లో పడ్డాయి. నాలుగోదానికి గుర్తొచ్చింది గానీ బాల్ పెన్ కదా, చెరపడానికి లేదు. అందుకే బబుల్స్ అన్నీ చివర్లో దిద్దుదాం అనుకోవద్దు. ఒక పేజీ అవగానే దిద్ది, ఆఖరి ప్రశ్న నంబరు మనసులో చదువుకుని ఓఎంఆర్‌లో అదే నంబరు మీద ఉన్నామా అని చూసుకోవాలి.

దిద్దడానికీ టైం పడుతుంది. ఒక్కోదానికి 5 సెకన్లు అనుకున్నా 180 ప్రశ్నలకి 15 నిమిషాలు. 2021 నుంచి 2024 దాకా ఉన్న ఛాయిస్ ప్రశ్నలు, 2022 నుంచి ఇచ్చిన అదనపు 20 నిమిషాలు 2025లో ఎత్తేశారు. ఇప్పుడు 180 ప్రశ్నలకి 180 నిమిషాలే. సీనియర్లు చెప్పే టైం లెక్కలు అందుకే పూర్తిగా నమ్మొద్దు. మా అమ్మాయి బయాలజీ 90 ప్రశ్నలూ 50 నిమిషాల్లో ముగించి, కెమిస్ట్రీ అయ్యాక ఫిజిక్స్‌కి వెళ్లడం ఖాయం చేసుకుంది. ఏ వరస అయినా ఫరవాలేదు, పరీక్ష రోజు మార్చకుండా ఉంటే చాలు.

మిగిలిన రెండూ ఫిజిక్స్ లెక్కల్లో యూనిట్ల పొరపాట్లు. సెంటీమీటర్లు మీటర్లలోకి మార్చలేదు, అంతే.

ఊహించి పెట్టే విషయానికొస్తే, ఏమీ తెలియకుండా నాలుగు ప్రశ్నలకి గుడ్డిగా పెడితే సగటున ఒకటి తగిలి 4 వస్తాయి, మూడు పోయి 3 కట్ అవుతాయి. మిగిలేది ఒక్క మార్కు, దానికోసం అంత టెన్షన్ ఎందుకు? రెండు ఆప్షన్లు ఖాయంగా కొట్టేయగలిగితే మాత్రం పెట్టేయడమే మంచిది.

పాత మెటీరియల్‌తో చదివేవాళ్లు ఒకటి చూసుకోవాలి. 2024 నుంచి సిలబస్ మారింది. సాలిడ్ స్టేట్, సర్ఫేస్ కెమిస్ట్రీ, మినరల్ న్యూట్రిషన్ లాంటివి తీసేశారు. వాటి మీద ఆఖరి నెల పోగొట్టుకోవద్దు.

పరీక్ష మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా. అన్నం తిన్నాక నిద్ర ముంచుకొచ్చే వేళ, అందులోనూ మే ఎండ. గ్రాండ్ టెస్టులన్నీ పొద్దున రాసినవాళ్లకి ఇది కొత్తగా ఉంటుంది. కనీసం ఆఖరి రెండు వారాలు టెస్టులు 2 గంటలకే మొదలుపెట్టండి. ఆ రోజు ఏం తినాలో కూడా ముందే తిని చూసుకోండి. హాల్లోకి చేతి గడియారం రానివ్వరు కనుక ఇంట్లోనూ వాచ్ తీసేసి గోడ గడియారం చూసి రాయడం నయం.

సెంటర్ ముందు రోజే వెళ్లి చూసి రావాలి, ఒకే పేరున్న కాలేజీలు ఊళ్లో రెండుంటాయి. గేటు 1.30కి మూస్తారు, తర్వాత బతిమాలినా లాభం లేదు. హాఫ్ చేతుల చొక్కా, చెప్పులు. షూ వద్దు, నగలు వద్దు. అడ్మిట్ కార్డు, ఫొటోలు, ఐడీ ఒరిజినల్ ఒకే కవర్లో పెట్టండి. పెన్ను వాళ్లే ఇస్తారు. టెలిగ్రామ్‌లో పేపర్ ఉందని ఎవరైనా అంటే ఆ గ్రూపులోంచి బయటికొచ్చేయండి.

అప్లికేషన్ దగ్గరే ఇంకో చిక్కు ఉంది. మన రాష్ట్రంలో బీసీ అయినంత మాత్రాన కేంద్రం ఓబీసీ జాబితాలో ఉన్నట్టు కాదు. లేని కులమైతే ఆ దరఖాస్తులో జనరల్ అనే పెట్టాలి. రాష్ట్ర కౌన్సెలింగ్‌లో బీసీ సర్టిఫికెట్ విడిగా చూపించుకోవచ్చు.

పరీక్ష అయ్యాక బుక్‌లెట్ ఇంటికి తెచ్చుకోనిస్తారు. అందులో మీరు ఏ ఆప్షన్ అనుకున్నారో గుర్తు పెట్టి ఉంచండి. ఓఎంఆర్ స్కాన్, కీ వచ్చినప్పుడు పోల్చుకోవడానికి అదే ఆధారం.