షరతులతో వచ్చే విదేశీ సాయం: ఒప్పుకోవాలా వద్దా అని తేల్చుకునే పద్ధతి

ఆర్థికంగా చితికిపోయిన దేశం షరతులతో కూడిన విదేశీ సాయాన్ని అంగీకరించవచ్చా అన్న ప్రశ్న విశాఖపట్నంలో గ్రూప్-1 వ్యాసాలకు సిద్ధమవుతున్నవారికీ, కళాశాల వక్తృత్వ పోటీలకు వెళ్లేవారికీ తరచుగా ఎదురవుతుంది. చాలామంది మొదటి వాక్యంలోనే అవుననో కాదనో తేల్చేసి, ఆ తరువాత తమ తీర్పుకు సరిపడే ఉదాహరణలను ఏరుకుంటారు. అలా రాసినప్పుడు సార్వభౌమత్వం గురించిన ఆవేశమో, సంస్కరణల మీద పొగడ్తో మిగులుతుంది తప్ప, ఆ దేశంలో నెలనెలా కరెంటు బిల్లు కట్టే మనిషికి ఏమవుతుందో తేలదు. సాయం మొత్తం మీద ఒకే తీర్పు చెప్పకూడదనీ, షరతులను విడదీసి ఒక్కొక్కదాన్నీ విడిగా తేల్చాలనీ నా గట్టి అభిప్రాయం. అది ఎలా చేయాలో ఇక్కడ వివరిస్తాను.

ముందుగా వస్తున్న డబ్బు ఏ రకమైనదో గుర్తించండి. తిరిగి కట్టనక్కరలేని గ్రాంటు వేరు, ఒక నిర్దిష్టమైన పనికోసం ఇచ్చే దీర్ఘకాలిక రుణం వేరు, విదేశీ మారక నిల్వలు అడుగంటినప్పుడు అంతర్జాతీయ ద్రవ్య నిధి విడతల వారీగా ఇచ్చే అప్పు వేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను అతలాకుతలం చేసిన తరువాత, ప్రపంచ బ్యాంకు 2015లో 25 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసింది. నగరంలో విద్యుత్ తీగలను భూమి లోపలికి దింపిన పనులు ఆ ప్రాజెక్టులో భాగమే. అటువంటి రుణంలో షరతులు టెండర్లు ఎలా పిలవాలి, పర్యావరణానికీ స్థానికులకీ నష్టం కలగకుండా ఏం చేయాలి అన్న హద్దులోనే ఉంటాయి. ద్రవ్య నిధి షరతులు అలా కాదు. అవి బడ్జెట్లోకి, పన్నుల్లోకి, సబ్సిడీల్లోకి, కరెన్సీ విలువలోకి వస్తాయి. అసలు వాదన నడవవలసింది వీటి మీదనే.

తరువాత, ఒప్పందపు కాగితాలు తెరిచి షరతులను ఒక పట్టికగా రాసుకోండి. ద్రవ్య నిధికి దేశం రాసే ఉద్దేశ లేఖలో, దానితో జతపరచే విధాన పత్రంలో, డబ్బు రాకముందే పూర్తి చేయవలసిన పనులు, ప్రతి సమీక్ష నాటికి అందుకోవలసిన లక్ష్యాలు విడివిడిగా ఉంటాయి. పత్రికల్లో వచ్చే వార్తలు ఈ తేడాను పట్టించుకోవు కనుక, వార్తను కాకుండా పత్రాన్నే చదవడం మంచిది. పట్టికలోని ప్రతి షరతు ఎదుట మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటిది, అన్నిటికన్నా ముఖ్యమైనది: ఎవరూ అడగకపోయినా ఈ పని ఆ దేశం తనంతట తాను చేసుకోవలసిందేనా? మన చరిత్రలో దీనికి చక్కని ఉదాహరణ 1965, 1966 సంవత్సరాలు. వరసగా కరువులు వచ్చి, అమెరికా నుంచి పీఎల్-480 అనే ఆహార సాయ చట్టం కింద వచ్చే గోధుమల మీద దేశం ఆధారపడిన రోజులవి. అధ్యక్షుడు జాన్సన్ ధాన్యాన్ని ఏడాదికి సరిపడా ఒకేసారి ఇవ్వకుండా, కొద్దికొద్దిగా విడుదల చేస్తూ పగ్గం తన చేతిలోనే ఉంచుకున్నాడు. ఆ ఒత్తిడిలోనే రెండు పనులు జరిగాయి. వ్యవసాయానికి నిధులు పెంచడం, అధిక దిగుబడి విత్తనాలను, ఎరువులను ప్రోత్సహించడం మొదటిది. 1965 నవంబరులో రోమ్‌లో అమెరికా వ్యవసాయ మంత్రి ఆర్విల్ ఫ్రీమన్‌తో మన మంత్రి సి.సుబ్రమణ్యం దీనిపై అవగాహనకు వచ్చారు. రూపాయి విలువ తగ్గింపు రెండోది; 1966 జూన్ 6న డాలరు ధర 4.76 రూపాయల నుంచి 7.50 రూపాయలకు మారింది. మొదటి పని వేళ్లూనుకుంది, ఎందుకంటే సుబ్రమణ్యం దాన్ని అంతకు ముందు నుంచే కోరుకుంటున్నారు, ఇక్కడి శాస్త్రవేత్తలు అందుకు సిద్ధంగా ఉన్నారు. రెండోదానికి దేశంలో మద్దతు కూడగట్టలేదు. ఆశ చూపిన సాయం ఆశించిన స్థాయిలో కొనసాగలేదు. ఆ చేదు మాత్రం చాలాకాలం మిగిలిపోయింది. ఇచ్చినవారు ఒకరే, కాలం ఒకటే, అయినా రెండు షరతుల గతి వేరువేరు. సాయాన్ని మొత్తంగా మెచ్చుకునేవారికీ, మొత్తంగా తిట్టేవారికీ ఈ తేడా కనిపించదు.

రెండో ప్రశ్న: ఈ షరతు భారం ఎవరి మీద పడుతుంది, వారి మాట ఎవరైనా విన్నారా? దీనికి విశాఖవాసులు దూరం వెళ్లనక్కరలేదు. రాష్ట్రం దేశం కాదన్నది నిజమే గాని, షరతు ఇంటి గడప దాకా ఎలా వస్తుందో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ విద్యుత్ సంస్కరణలు చూపినంత స్పష్టంగా మరేదీ చూపదు. ప్రపంచ బ్యాంకు రుణంతో ముడిపడిన ఆ కార్యక్రమంలో 1998లో చట్టం వచ్చింది, 1999 ఫిబ్రవరి 1న విద్యుత్ బోర్డు ఉత్పత్తి చూసే జెన్‌కో, సరఫరా లైన్లు చూసే ట్రాన్స్‌కోలుగా విడిపోయింది, ఆ మరుసటి ఏడాది పంపిణీ సంస్థలు ఏర్పడ్డాయి. విశాఖ కేంద్రంగా పనిచేసే ఈపీడీసీఎల్ అలా పుట్టినదే. అదే 2000లో చార్జీలు బాగా పెరగడంతో రాష్ట్రమంతటా ఆందోళన రేగింది. ఆగస్టు 28న హైదరాబాదులోని బషీర్‌బాగ్ వద్ద పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. 2004లో కొత్త ప్రభుత్వం రాగానే రైతులకు ఉచిత విద్యుత్తు ప్రకటించడంతో, వ్యవసాయ చార్జీల విషయంలో సంస్కర్తలు గీసిన గీత చెరిగిపోయింది.

అయితే ఇందులో మరో సంగతి ఉంది, దాన్ని వదిలేయడం న్యాయం కాదు. అదే చట్టంతో విద్యుత్ నియంత్రణ మండలి వచ్చింది, చార్జీలు నిర్ణయించే ముందు బహిరంగ విచారణ జరపడం అలవాటయింది. ఈ రోజు ఒక సామాన్య వినియోగదారుడు పంపిణీ సంస్థ లెక్కలను తెప్పించుకొని, అభ్యంతరాలు రాసి, మండలి ఎదుట మాట్లాడగలుగుతున్నాడంటే అది ఆ షరతుల మూటలోంచి వచ్చినదే. జనం మీద భారం మోపిన షరతు కూలిపోయింది, జనానికి నోరు ఇచ్చిన షరతు నిలిచింది. కనుక పట్టికలో ధరలు పెంచే షరతు కనబడగానే, దాని పక్కన పేదలకు రక్షణ కల్పించే షరతు గాని, ప్రజల అభ్యంతరాలు వినే ఏర్పాటు గాని ఉన్నదా అని వెతకండి. లేకపోతే అది సంతకమైనా అమలు కాదు. కొద్దికాలం అమలైనా నిలవదు.

మూడో ప్రశ్న: తప్పు తేలితే వెనక్కి మళ్లే వీలుందా? పన్ను రేటును మరుసటి బడ్జెట్లో మార్చుకోవచ్చు. మూతపడిన బ్యాంకు మీద జనానికి నమ్మకం అంత సులభంగా తిరిగి రాదు. 1997 నవంబరులో ద్రవ్య నిధి కార్యక్రమంలో భాగంగా ఇండోనేషియా 16 బ్యాంకులను ఒక్కసారిగా మూసివేసింది. డిపాజిట్లన్నిటికీ భరోసా లేకపోవడంతో జనం మిగిలిన బ్యాంకుల మీద పడ్డారు. ఇటువంటి షరతును పూర్తిగా నిరాకరించడమో, గడువు పొడిగించమని అడగడమో చేయాలి. ఈ సందర్భంలో వాదనల్లో హంబన్‌టోటా రేవును షరతుకు ఉదాహరణగా చెప్పడం పరిపాటి అయింది. 2017లో శ్రీలంక ఆ రేవును 99 ఏళ్లకు చైనా సంస్థకు అప్పగించి సుమారు 112 కోట్ల డాలర్లు తీసుకున్నది లీజు ఒప్పందం మీద, సాయపు షరతు మీద కాదు. వెనక్కి తీసుకోలేని నిర్ణయానికి దాన్ని ఉదాహరణగా చెప్పండి, అంతవరకే.

షరతులు తూచిన తరువాత కాలాన్ని చూడండి. 1991లో మన విదేశీ మారక నిల్వలు రెండు మూడు వారాల దిగుమతులకు మించి లేని స్థితిలో, రిజర్వు బ్యాంకు సుమారు 47 టన్నుల బంగారాన్ని ఇంగ్లండు, జపాన్ కేంద్ర బ్యాంకుల దగ్గర కుదువ పెట్టవలసి వచ్చింది. అంత ఇరుకులో కూడా పి.వి.నరసింహారావు, మన్మోహన్ సింగ్ అధికారంలోకి వచ్చిన సుమారు నెల రోజుల్లో కొత్త పారిశ్రామిక విధానం ప్రకటించగలిగారంటే, ఆ మార్పుల ముసాయిదాలు మన అధికారుల బల్లల మీద అప్పటికే ఉండడం ఒక ముఖ్య కారణం. సొంత ప్రణాళిక ఉన్న దేశం చర్చకు కూర్చున్నప్పుడు షరతుల్లో సగం తానే రాసుకుంటుంది. శ్రీలంక 2022 ఏప్రిల్ 12న విదేశీ అప్పుల చెల్లింపు ఆపుతున్నట్లు ప్రకటించింది. ద్రవ్య నిధి సుమారు 300 కోట్ల డాలర్ల కార్యక్రమాన్ని ఆమోదించింది 2023 మార్చి 20న. ఆ మధ్య కాలంలో పెట్రోలు కోసం, వంటగ్యాసు కోసం జనం వరసల్లో నిలబడ్డారు, కరెంటు చార్జీలు రెండుసార్లు భారీగా పెరిగాయి. ఆలస్యంగా వెళ్లిన దేశానికి బేరమాడే బలం ఉండదు.

నిరాకరించే దారి కూడా ఉంది, కాని దానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి. 1998 సెప్టెంబరులో మలేషియా ద్రవ్య నిధి దగ్గరకు వెళ్లకుండా పెట్టుబడుల రాకపోకలపై ఆంక్షలు పెట్టి, రింగిట్‌ను డాలరుకు 3.80 వద్ద నిలబెట్టింది. పొరుగు దేశాలంతగా దాని ఖజానా ఖాళీ కాలేదు కనుకనే అది చెల్లింది. 1963లో బొకారో ఉక్కు కర్మాగారం ప్రభుత్వ రంగంలో ఉండడానికి అమెరికా కాంగ్రెసులో వ్యతిరేకత రాగా అమెరికా సాయం కోసం చేసిన విన్నపాన్ని భారత్ వెనక్కి తీసుకుంది. తరువాత సోవియట్ యూనియన్ ముందుకు వచ్చింది. విశాఖ ఉక్కుకు తోడ్పడినదీ ఆ దేశమే. మరో తలుపు తెరుచుకునే అవకాశం ఉన్నదా లేదా అన్నది మీ వ్యాసంలో తప్పక రాయాలి.

ఇచ్చేవారికి స్వార్థం ఉన్నదని కనిపెట్టినంత మాత్రాన వాదన గెలవదు. జపాన్ ఉక్కు కర్మాగారాలకు ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజం కావలసి వచ్చింది. ఆ అవసరం నుంచే 1960ల్లో కొత్తవలస - కిరండూల్ రైలు మార్గం అరకు కొండల్లోంచి వచ్చింది, విశాఖ రేవుకు సరుకు వచ్చింది. వారి స్వార్థం తీరిన తరువాత మన దగ్గర ఏం మిగులుతుందని అడగండి.

సాధనకు శ్రీలంక 2023 ఒప్పందాన్ని తీసుకోండి. పత్రాలు ద్రవ్య నిధి వెబ్‌సైటులో ఎవరికైనా దొరుకుతాయి. ఖర్చుకు తగ్గట్టు కరెంటు చార్జీలు, పన్ను ఆదాయం పెంపు, కేంద్ర బ్యాంకుకు కొత్త చట్టం, అవినీతి నిరోధక చట్టం, సామాజిక వ్యయం ఒక స్థాయికి తగ్గకూడదన్న లక్ష్యం అందులో ఉన్నాయి. ఈ అయిదింటినీ మూడు ప్రశ్నలతో పరీక్షించి, ఒప్పుకునేవి, మార్చమని అడిగేవి, నిరాకరించేవి అని మూడు వరసల్లో రాయండి. నేనైతే కరెంటు చార్జీలను రెండో వరసలో, అంటే పేద కుటుంబాల స్లాబును విడిచి, పెంపును ఎక్కువ కాలానికి పరచమన్న సవరణతో రాస్తాను. అవినీతి నిరోధక చట్టాన్నీ, సామాజిక వ్యయపు లక్ష్యాన్నీ మొదటి వరసలో రాస్తాను. మీ వరసలు వేరుగా ఉంటే, ఏ ప్రశ్న దగ్గర మన దారులు విడిపోయాయో ఆ ప్రశ్న నుంచే మీ వ్యాసం మొదలుపెట్టండి.